బుడిపె కట్టని వేళ్ళు

పప్పుచారుకు తాలింపు పెడుతుండగా వసారాలో ఆఫీసరుతో భోజనానికి కూర్చున్న భర్త మాట కరుణాకుమారి చెవిన పడింది.

"విత్తనాలకు కల్చరు మా ఇంట్లో ఆడవాళ్ళు కలిపినారు సార్. ఆడ ఏదో తేడా వచ్చినట్టుండాది."

సంజీవరావు బుచ్చిరెడ్డిపాలెంలో వ్యవసాయశాఖ ఉద్యోగి. వరి కోసిన మళ్ళలో పచ్చిరొట్ట పైరుగా పిల్లిపెసర వేసి, గాలిలోని నత్రజనిని పట్టి పైరుకిచ్చే సూక్ష్మజీవుల మహిమ రైతులకు చూపించాలని 1962లో అతనికి ఉత్తర్వు వచ్చింది. తీరా నెల్లూరు నుంచి వచ్చిన ఆఫీసరు మొక్కలు పీకి చూస్తే వేళ్ళకు ఆ జీవులు చేరి కట్టాల్సిన బుడిపెలే లేవు.

ఆమె చేతిలో గరిటె ఆగింది. ఆ సూక్ష్మజీవులతో సీసాలో వచ్చిన కల్చరును బెల్లం గంజిలో కలిపి, విత్తనాలకు పట్టించి, నీడన ఆరబెట్టింది తనే. దానికి ముందూ వంటే, తర్వాతా వంటే. పెళ్ళికి ముందు కాలేజీలో వృక్షశాస్త్రం చదివిన సంగతితో ఈ ఇంట్లో ఎవరికీ పని పడలేదు. ఆఫీసరు వచ్చేసరికి చేను పచ్చగా కనపడాలని సంజీవరావు విత్తేముందు అమోనియా ఎరువు చల్లిస్తుంటే, "వద్దండీ, నేలలో నత్రజని సిద్ధంగా దొరికితే మొక్క ఆ జీవులను వేళ్ళలోకి రానివ్వదు, వచ్చినవి కూడా పని మానేస్తాయి" అని చెప్పింది. "నువ్వు పొయ్యి సంగతి చూడు" అన్నాడు. కోపంగా కాదు, నవ్వుతూనే. ఆ నవ్వుకే అప్పుడు ఊరుకుంది. ఎన్నిటికని ఊరుకుంది! కూరలో ఉప్పెక్కువైతే తన తప్పు, పిల్లకు జలుబు చేస్తే తన తప్పు. మట్టిలో కంటికి కనపడని ప్రాణులు పని మానుకున్నా తన తప్పేనా?

గిన్నె పట్టుకుని వసారాలోకి వెళ్ళింది. వడ్డిస్తూనే చెప్పింది.

"కల్చరు సరిగానే కలిపినాను సార్. విత్తే ముందు అమోనియా వేసినారు. అందుకే బుడిపె కట్టలేదు."

ఆఫీసరు సంజీవరావు వైపు తిరిగాడు. "వేసినావా?"

"కొంచెం..." అంటూ అతను విస్తట్లోకి తల వంచుకున్నాడు.

ఆఫీసరు వెళ్ళాక అత్త రెబెక్కమ్మ, "బయటోళ్ళ ముందర మొగుడి పరువు తీస్తారా అమ్మాయ్" అంది.

"నేనేం తీయలేదత్తయ్యా. నా నెత్తిన పెట్టినదాన్ని దించుకున్నా, అంతే."

రెబెక్కమ్మ కాసేపటికి పెరట్లోకి వచ్చి, కోడలు తోమిన గిన్నెలు తొలవసాగింది.

మరుసటి ఏడు కోతలయ్యాక సంజీవరావు కొత్త సీసా తెచ్చాడు. కలపమని అడగడానికి నోరు రాక వంటింటి గడప దగ్గరే నిలబడ్డాడు.

కరుణాకుమారి అతని చేతిలోంచి సీసా అందుకుంది.

"కలుపుతా. చేనికి కూడా నేనే వస్తా. నాకు తెలీకుండా ఆ మడిలో ఏదీ చల్లకూడదు."

అతను భుజం మీది తువ్వాలు తీసి, నాలుగు మడతలు వేసి, సైకిలు వెనక క్యారియరు మీద పరిచాడు.