ఉరుము వినబడ్డాక

గిన్నెలు కడిగిన నీళ్ళు పనికిరావు. మంచినీళ్ళే పోయాలి, అవీ బకెట్టు నిండా. ఎండాకాలమంతా పొద్దున లేవగానే నవనీత చేసే మొదటి పని, ఇంటి వెనక గోడవారనున్న ఎర్తింగు గుంతను తడపడం. వాకిలి ఊడ్చేది ఆ తర్వాతే. వనపర్తిలో వాళ్ళ వీధికి నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. రాని రోజు తను తలస్నానమైనా మానుకోవాలి గానీ గుంత మాత్రం ఎండకూడదు. ఒకసారి బియ్యం కడిగిన నీళ్ళు పోస్తుంటే మొగుడు అరవింద్ చూశాడు. "కుడితి పోస్తున్నవేంది? గది ఎర్తింగు గుంత, బర్రె గాదు" అన్నాడు. అత్త ఇందిరమ్మ కడుపు పట్టుకుని నవ్వింది.

అరవింద్ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. హ్యామ్ రేడియో లైసెన్సు ఉంది. మేడ మీద ఇనుప టవరు నిలబెట్టి, పక్కనే చిన్న గదిలో సెట్టు పెట్టుకుని, ఎక్కడెక్కడి దేశాలవాళ్ళతోనో గంటలకొద్దీ మాట్లాడతాడు. ఇంట్లో మనిషితో మాట్లాడటానికి "ఛాయ్" అన్న ఒక్క మాటే సరిపోతుంది. టవరు మీద పిడుగు పడితే అది రాగిపట్టీ వెంబడి దిగి భూమిలో కలిసిపోవాలి. కలవాలంటే గుంతలో తడి ఉండాలి. అందులోకి ఉప్పు మూట మోసింది నవనీత. ఇస్త్రీ బండి ఇస్రాయేలును బతిమాలి బొగ్గులు తెచ్చింది నవనీత. వచ్చినవాళ్ళకు చూపిస్తూ "నా ఎర్తింగు" అనేది అరవింద్.

సరే, బకెట్టు మోయడం పెద్ద కష్టమేం కాదు. కష్టమంతా కేబుల్ దగ్గర. టవరు నుంచి సెట్టుకు వచ్చే ఆ నల్లటి కేబుల్ పీకి బయట పడేస్తేనే ఉరుముల్లో సెట్టు దక్కుతుంది. ఆయన మధ్యాహ్నం కాలేజీలో ఉంటాడు. మబ్బులూ మధ్యాహ్నమే పడతాయి. ఫోను మోగుతుంది. "నవనీతా, ఉరుకు, కేబుల్ పీకు." పొయ్యి మీద కూర ఉన్నా, చేతికి పిండి ఉన్నా ఉరకాల్సిందే. పొద్దున పోయేటప్పుడు మీరే పీకి పోవచ్చు గదా అని అడిగితే, "రోజు పీకుడు, పెట్టుడు చేస్తే పిన్ను అరుగుతది. నువ్వు ఇంట్లనే ఉంటవు గద, నీకేం పని" అన్నాడు. పోయినసారి తడిసిన మేడ మీద వట్టి కాళ్ళతో పరుగెత్తి కేబుల్ మీద చెయ్యి వేయబోయేసరికి ఆకాశం పగిలినట్టు మెరిసింది. కళ్ళు మూసుకుని కేబుల్ పీకేసి అక్కడే కూలబడింది. సాయంత్రం చెప్పుకుంది, చేతి మీది వెంట్రుకలు లేచి నిలబడ్డాయని. "సెట్టుకేం కాలే గద?" అన్నాడాయన. పాపం తెలియదులే, తెలిస్తే పంపేవాడా అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

ఆదివారం గద్వాల నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి హ్యాములు వచ్చారు, వానలకు ముందు ఎర్తింగు ఎట్లా చేసుకోవాలో అరవింద్ దగ్గర తెలుసుకోవడానికి. నవనీత మిర్చీలు వేయించి పళ్ళెంతో మేడెక్కేసరికి ఆయన మంచి ఊపు మీదున్నాడు.

"పట్టీ వంకరటింకర పోవద్దు, సీదా దిగాలె. ఇంకో ముచ్చట. ఉరుము వినబడ్డంక ఎవ్వరు సెట్టు ముట్టద్దు, కేబుల్ దగ్గరికి పోవద్దు. పీకేటిదుంటే ముందుగాలనే పీకాలె. సెట్టు పోతే పోనియ్యిరి, పానం మల్ల రాదు."

నవనీత చేతిలో పళ్ళెం అట్లాగే ఉండిపోయింది.

గద్వాల నుంచి వచ్చిన శైలజ అడిగింది. "మరి మీరు కాలేజీల ఉన్నప్పుడు మబ్బు పడితే ఎట్ల సార్?"

"ఇంట్ల నవనీత ఉంటది గద. ఫోన్ కొడ్త, పీకేస్తది."

అందరూ తలలూపారు. శైలజ ఊపలేదు. లేచి వచ్చి నవనీత చేతిలో పళ్ళెం అందుకుని, "జర కూసో అక్కా" అంది.

ఆ వారంలోనే ఖిల్లా ఘణపూర్ దిక్కు నుంచి మబ్బు నల్లగా కమ్ముకొచ్చింది. మొదటి ఉరుముకే ఇందిరమ్మ నడింట్లో మంచమెక్కి, చెవులు మూసుకుని "అర్జునా, ఫల్గుణా" అని మొదలుపెట్టింది. ఫోను మోగింది.

"పీకినవా?"

"పీకలే. ఉరుముతున్నది."

"అందుకే గద చెప్తున్న, ఉరుకు!"

"ఉరుము వినబడ్డంక ఎవ్వరు ముట్టద్దని మీరే చెప్పిన్రు."

అటునుంచి విసుగ్గా వినబడింది. "గది వాళ్ళకు చెప్పిన ముచ్చట."

వాళ్ళకు. అంటే తెలియక కాదు. మర్చిపోయీ కాదు. మిర్చీలు తిని పోయే పరాయివాళ్ళ ప్రాణం మీద ఉన్న జాగ్రత్త, వండిపెట్టే మనిషి మీదికి ఎన్నడూ రాలేదు. ఇన్నేళ్ళూ ఆయన అమాయకత్వం అనుకుని తను కాపాడుకుంటూ వచ్చింది దేన్ని? ఒళ్ళు మండిపోయింది నవనీతకు. ఆయన మీద ఎంతో, తన మీద అంతకంటే ఎక్కువ.

"నేను గూడ ఆడనే ఉన్న. పళ్ళెం పట్టుకొని విన్న" అని ఫోను పెట్టేసింది.

"పో పిల్లా, ఒక్క ఉరుకు. వాడొచ్చి ఒర్లుతడు" అంది ఇందిరమ్మ.

"మీరు పోతరా అత్తమ్మా?"

ఇంకో ఉరుము ఇంటిని కదిలించింది. ముసలామె మెల్లగా జరిగి మంచం మీద చోటిచ్చింది. "కూసో" అంది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. కిటికీల్లో తెల్లటి వెలుగు, చెవులు చిల్లులు పడే చప్పుడు, కరెంటు పోయింది. దిగాల్సింది తడి గుంతలోకి దిగింది. ఇల్లు నిలబడింది. మేడ మీద నుంచి మాత్రం వైర్లు కాలిన వాసన వచ్చింది.

సాయంత్రం అరవింద్ బూట్లైనా విప్పకుండా వాళ్ళిద్దరినీ దాటుకుని పైకి పరుగెత్తాడు. దిగి వచ్చేసరికి మొహం మాడిపోయి ఉంది.

"సెట్టు పోయింది."

"మేమున్నం" అంది నవనీత.

"ఒక్క కేబుల్ పీకనీకె చాతకాలేదా నీకు?"

ఇందిరమ్మ కొడుకు వైపు చూడకుండా కొంగు సర్దుకుంది. నవనీత మాత్రం సూటిగా చూసింది.

"కొత్తది తెచ్చుకున్నంక పొద్దున పోయేటప్పుడు మీరే పీకి పొండి. పిన్ను అరుగుతే బజార్ల ఇంకోటి దొరుకుతది."