నూనెలో చూడాల్సిన ముఖం

నేను స్థిమితంగా కూర్చునే మనిషిని కాను. కొల్లేరు చెరువుల నుంచి ఏలూరుకు చేపల లోడు తోలేవాణ్ణి, అన్నం కూడా నిలబడే తింటాను. అలాంటివాణ్ణి పట్టుకుని, చొక్కా విప్పి కుర్చీలో కదలకుండా కూర్చోమంది ఆస్పత్రి సిస్టర్.

నెలలు నిండకుండానే పుట్టింది మా పిల్ల. బీపీ పెరిగి ఫిట్స్ వచ్చిన మా ఆవిడ రమ్యశ్రీకి ఇంకా స్పృహ రాలేదు. మా అమ్మకేమో జ్వరం, దగ్గు, లోపలికి రానివ్వరు.

"గాజు పెట్టెలో వేడి ఒక్కటే చాలదండి. ఒంటికి ఒళ్ళు ఆనితే ఊపిరి దారిలో పడుతుంది. తల్లికి కుదరకపోతే తండ్రయినా పర్లేదండి" అంది సిస్టర్.

వరండాలో అమ్మ అడ్డం పడింది. పిల్ల మూలా నక్షత్రం ఒకటో పాదంలో పుట్టిందట, తండ్రికి గండమట. శాంతి చేయించి, నూనెలో నీడ చూశాకే దాని ముఖం నేను చూడాలట. నేనూ మూలలోనే పుట్టాను. నేను పాకే వయసులో పడవ తిరగబడి మా నాన్న కొల్లేట్లో పోయాడు. అందుకే ఈ విషయంలో అమ్మతో వాదించలేను. చివరికి ఆవిడే ఒక మెట్టు దిగింది.

"ఎత్తుకోరా. కళ్ళు మాత్రం తెరవకు. నా మీద ఒట్టు."

లోపలికెళ్ళి కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నాను. టోపీ, గోచీ తప్ప ఏమీ లేని పిల్లని నా రొమ్ము మీద బోర్లా పడుకోబెట్టి, ఇద్దరినీ కలిపి గుడ్డతో చుట్టింది సిస్టర్. ఊపిరి ఆగినట్టుంటే వీపు రుద్ది, తనని పిలవమని చెప్పి పక్క బిడ్డ దగ్గరికి వెళ్ళింది.

కాలు దురద పెట్టింది. వీపంతా చెమట. లేచి పారిపోదామనిపించింది. కాసేపటికి దాని ఊపిరి నా గుండె మీద వెచ్చగా తగలడం మొదలైంది. అంత ముద్దు నాకు ఎవరి మీదా రాలేదు.

అంతలో ఆ ఊపిరి ఆగింది. నాదే భ్రమేమో అనుకున్నాను. మళ్ళీ తగల్లేదు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టి కళ్ళు తెరిచాను.

పెదాలు నేరేడు పండు రంగులో ఉన్నాయి. సిస్టర్ని కేకేస్తూ వీపు రుద్దాను. ఆవిడ వచ్చేలోపే పిల్ల ఉలిక్కిపడి ఊపిరి తీసింది. పెదాలు మెల్లగా ఎర్రబడ్డాయి. సిస్టర్ పిల్లని ఒకసారి పరీక్ష చేస్తానని తీసుకుంది.

నేను వరండాలోకి వెళ్ళి అమ్మకు నిజం చెప్పేశాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా ముఖం వంక చూసింది. తిడుతుందనుకున్నాను.

"ఇప్పుడు ఊపిరి తీస్తోందా?"

"తీస్తోందమ్మా."

"మరి నీకిక్కడేం పనిరా? గండాలేవో, ఒట్లేవో నేను పడతాను. నువ్వెళ్ళి పిల్లని చూసుకో."