ఎవరూ నొక్కని బటన్

చేపల వేలం యాప్ మళ్ళీ మొరాయించింది. నరసాపురంలో దాన్ని చూసుకునే సురేష్‌బాబుకు విసుగొచ్చేసింది. వాడేవాళ్ళెవరూ లాగౌట్ చేయరు. గడువు తీరిన పాత లాగిన్ సెషన్లన్నీ డేటాబేసులో గుట్టలుగా పేరుకుపోతుంటే, రోజూ వాటిని చేత్తో తుడవలేక చస్తున్నాడు.

చేపలమ్మే వీరదుర్గ ఫోన్ చేస్తే కస్సుమన్నాడు. "లాగౌట్ నొక్కితే వేళ్ళు అరిగిపోతాయేంటండీ?"

"ఆ బటన్ మీద ‘వెళ్ళిపో’ అని రాశారు కదండీ. మగాళ్ళు సముద్రం మీదుంటే ఆ మాటెలా నొక్కుతామండీ?"

సురేష్‌బాబు ఫోన్ పెట్టేసి లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. గడువు తీరినవి గంటగంటకూ వాటంతటవే చెరిగిపోయేలా ఓపిక కూడదీసుకుని సెట్ చేశాడు. ఇక ఎవరూ ఏదీ నొక్కక్కర్లేదు.

చివరికి తను లాగౌట్ అవ్వబోయాడు. వేలు బటన్ దాకా వెళ్ళింది. తమ్ముడు బుల్లియ్య పొద్దున్నే సముద్రం మీదికి వేటకెళ్ళాడు.

లాప్‌టాప్ అలాగే మూసేశాడు.