గుమ్మానికీ మంచానికీ మధ్య

మధ్యాహ్నమయ్యేసరికి అత్యవసర విభాగంలో కాలు పెట్టే చోటు లేదు. మంచాలన్నీ నిండిపోయాక వచ్చినవాళ్లు గుమ్మం నుంచి నడవా పొడుగునా గోడకి జారగిలబడి కూర్చున్నారు. బస్తాలు మోసే మనిషొకడు గుండె పట్టుకుని పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడు. అప్పుడు దొరికింది మంచం.

చిన్న డాక్టరమ్మ చేతులు పడిపోయేదాకా అతని ఛాతీ మీద నొక్కింది. ప్రాణం తిరిగి రాలేదు. వార్డంతా చిన్న డాక్టరమ్మ అని పిలిచే ఆవిడకి నలభై దగ్గర పడుతున్నాయి. ఉద్యోగం ఇంకా ఏటికేడు పొడిగింపు మీదే నడుస్తోంది గనక ఆ చిన్నతనం వదల్లేదు.

'రోగి వచ్చిన వెంటనే వైద్యం అందింది' అని హెడ్ సిస్టర్ కేసు షీటులో రాసేసింది. అబద్ధం రాస్తున్నానని ఆవిడ అనుకోలేదు. ఈ వార్డులో రోగి రావడమంటే మంచం ఎక్కడమే. గుమ్మం దగ్గర ఎంతసేపు పడిగాపులు కాసినా అది లెక్కలోకి రాదు.

"పొద్దున్నే వచ్చాం కదమ్మా," అంది చనిపోయినతని భార్య. ఆవిడ ఇంకా ఏడవడం కూడా మొదలుపెట్టలేదు. "ఎవరూ ఇటు తిరిగి చూడలేదు. మరి వెంటనే చూశామంటున్నారేంటి?"

చిన్న డాక్టరమ్మ కేసు షీటు అందుకుని ఆ వాక్యం మళ్లీ చదివింది.

మంచం నుంచి మొదలయ్యే ఆ లెక్క పెద్దాయనది. విభాగానికి ఆయనే అధిపతి. అత్యవసర వైద్యం మీద ఆయన రాసినన్ని పరిశోధన పత్రాలు ఎవరూ రాయలేదంటారు. మంచమెక్కిన క్షణం నుంచి లెక్కేసి, మా దగ్గర ఆలస్యమన్నదే లేదని ఎప్పుడో రాసిన పత్రం ఆయన్ని ఆకాశానికెత్తింది. ఎక్కడ ఎవరు కొత్తగా రాసినా దాన్ని పేర్కొనాల్సిందే, పేర్కొన్న ప్రతిసారీ ఆయన ఖాతాలో ఒక సైటేషన్ పడాల్సిందే. ఇక సొంత విభాగం సంగతి చెప్పాలా? ఎవరు చచ్చీచెడీ రాసినా మొదటి పేరు ఆయనది. చివర్లో ఆయన పాత పత్రాలన్నీ దండ గుచ్చినట్టు గుచ్చాలి. అది ఇక్కడి ఆనవాయితీ. చిన్న డాక్టరమ్మా ఏళ్ల తరబడి గుచ్చింది, పోయేది పేరే కదా అనుకుని.

పోయింది పేరొక్కటే అయితే బాగుండేది. ఆ పత్రం చూపించి ఎన్నో ఆసుపత్రుల్లో గుమ్మం దగ్గరుండే నర్సుల్ని తీసేశారు. ఆలస్యమే లేనప్పుడు అక్కడ మనిషెందుకన్నారు. ఇక్కడా అంతే జరిగింది. ఆ నర్సే ఉంటే బస్తాలు మోసే మనిషి ముఖం చూడగానే లోపలికి తెచ్చేది. ఇలాంటివి ఎన్నో చూసే చిన్న డాక్టరమ్మ ఏడాదిగా గుమ్మం దగ్గర్నుంచే లెక్కగట్టి ఒక పత్రం రాసింది. అది పెద్దాయన బల్ల మీదుంది.

సాయంత్రం ఆయన పిలిపించారు.

"కూర్చో తల్లీ. ఏమన్నా తిన్నావా? బాగా రాశావు. ఒక్కటే మార్చు. గుమ్మం తీసేసి మంచం నుంచి లెక్కెయ్యి."

"అప్పుడది అబద్ధమవుతుంది సార్."

"అబద్ధమేముంది, అది పద్ధతి. నా పేరు చూసే కదా మనకి పరికరాలిస్తున్నారు. ఆ పేరు కాస్తా పోతే ఉన్న మంచాలూ ఊడతాయి. నీ ఉద్యోగం ఖాయం చెయ్యమని నిన్ననే రాశాను. మీ ఆయన షాపు మూసేశాక ఇల్లంతా నీ మీదే కదా నడుస్తోంది."

ఆయన చెప్పినదాంట్లో ఒక్కటీ కల్పన కాదు.

"ఇవాళ గుమ్మం దగ్గర ఒకాయన పోయాడు సార్."

"విన్నాను. పాపం." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నిజంగానే బాధపడ్డారు.

"అయితే పత్రం మీంచి నా పేరు తీసెయ్యండి."

పెద్దాయన తేలిగ్గా నవ్వేశారు.

"సరే, నీ ఇష్టం. లెక్కలిచ్చి వెళ్లు, ఎవరో ఒకరు సరిచేస్తారు."

అప్పటికి గాని ఆమెకి తలకెక్కలేదు. పేరు వదులుకోవడం ఏదో పెద్ద త్యాగమని ఇన్నాళ్లూ తనకి తానే నచ్చచెప్పుకుంది. ఆయనకి కావలసిందీ సరిగ్గా అదే.

"లెక్కలూ ఇవ్వను సార్. నా పేరు మీదే పంపిస్తాను, ఉన్నదున్నట్టు."

ఆయన నవ్వు ఆగిపోయింది. "తలుపు దగ్గరగా వేసి వెళ్లు," అన్నారు. ఈసారి తల్లీ అనలేదు.

మెట్లు దిగుతుంటే ఇంటికెళ్లి ఏం చెప్పాలో తోచలేదు. గుమ్మం దగ్గర ఒక ముసలాయన ఆయాసపడుతూ కూతురి భుజం మీద వాలిపోయి ఉన్నాడు. చిన్న డాక్టరమ్మ హెడ్ సిస్టర్ని అడిగి ప్లాస్టర్ ముక్క ఒకటి చింపించుకుని, దాని మీద టైము రాసి ఆయన చొక్కాకి అంటించింది.

"ఇంకా మంచం ఇవ్వలేదు కదమ్మా," అంది హెడ్ సిస్టర్.

"మనిషి వచ్చాడు కదా సిస్టర్."

హెడ్ సిస్టర్ మెట్లవైపు చూసి గొంతు తగ్గించింది. "ఎవరు రాయమన్నారని పైనుంచి అడిగితే?"

"నా పేరు చెప్పండి," అంది చిన్న డాక్టరమ్మ, ముసలాయన నాడి పట్టుకుంటూ.

హెడ్ సిస్టర్ గోడవారగా కూర్చున్న మిగతావాళ్ల వైపు చూసింది. ప్లాస్టర్ చుట్టని తిరిగి పెట్టెలో పెట్టలేదు.