ఆదివారం నాటి దండెం

గనులు మూతపడ్డ ఆ వేల్స్ లోయలో ఓల్వెన్ శనివారం పొద్దున్నే మనవడి చేతిపట్టీలు ఉతికేది. బాక్సింగ్ సాధన చేసేటప్పుడు ఎమ్రిస్ గ్లవ్స్ కింద చుట్టుకునే పట్టీలవి. చెమట వదిలేదాకా సబ్బునీళ్లలో నలిపి, పెరట్లో దండేనికి తగిలించేది. కాస్త గాలి తగలగానే అవి వాటంతటవే పిడికిళ్లు బిగించి గాల్లోకి గుద్దులు విసిరేవి. ఎమ్రిస్‌కి పోటీ ఉన్న రోజైతే పక్కింటి నెస్టా టీ కప్పుతో గోడ దగ్గర చేరేది. అతను ఏ ఊళ్లో ఏ దెబ్బ కొడితే ఇక్కడ పట్టీలూ అదే కొట్టేవి. అవి దండెం మీదుంటే అతని చెయ్యి ఆడేది. సొరుగులో ఉంటే ఆడేది కాదు.

ఆదివారాలు మాత్రం సొరుగులోనే. ఆ ఇంట విశ్రాంతి దినాన బట్టలారేయరు. గని కూలిన వారం కూడా ఓల్వెన్ తల్లి ఆదివారం దండెం ముట్టలేదు.

అందుకే ఎమ్రిస్ ఆదివారం పోటీలన్నీ ఓడిపోయాడు. పరాయి ఊళ్లలో, అక్కడి కుర్రాళ్ల ఎదుట, వాళ్ల చుట్టాలు నిండిన హాళ్లలో. చివరికి రెఫరీ ఒక్కడే పాయింట్ల లెక్క తేల్చి, గెలిచాడని ఆ ఊరి కుర్రాడి చెయ్యి పైకెత్తేవాడు.

ఇన్నేళ్లకి వేల్స్ టైటిల్ పోటీ వచ్చింది. కార్డిఫ్‌లో, ఆదివారం మధ్యాహ్నం.

"ఈసారీ ఓడితే ఇక మానేస్తా నానమ్మా," అన్నాడు ఎమ్రిస్, శనివారం బయల్దేరుతూ.

"మరి పట్టీల సంగతి?"

"నేనడగను. నువ్వూ ఆ మాటెత్తకు." వాటిని బేసిన్లో పడేసి, ఆమె నుదుటి మీద ముద్దు పెట్టి వెళ్లిపోయాడు.

ఆ శనివారం ఆమె వాటిని ఉతకలేదు. తెల్లారి చర్చిలో ఆరాధనకు వెళ్లింది. తల వంచి చాలాసేపు ప్రార్థించింది. దేవుణ్ణి అనుమతి అడగలేదు, చెప్పి వచ్చింది. ఇంటికొచ్చి, తలమీది టోపీ కూడా తీయకుండా పట్టీలు ఉతికి పిండి పెరట్లోకి నడిచింది.

"పిన్నీ! ఇవాళ ఆదివారం!" నెస్టా గోడ మీంచి కేకేసింది.

"నాకు తెలీదనా? అరవకుండా ఆ క్లిప్పులందుకో."

"చర్చి పెద్ద, డీకన్ గారు చూస్తే?"

"ఎక్కణ్ణుంచి చూస్తాడూ? కీళ్లనొప్పులని ఆరాధన మానేసి, కార్డిఫ్ బస్సెక్కాడు."

పట్టీలు నీళ్లు కారుతూ వేలాడాయి. కాసేపటికి మెల్లగా పిడికిళ్లయ్యాయి. ముఖానికి అడ్డం పెట్టుకున్నట్టు దగ్గరికొచ్చి, అలాగే ఉండిపోయాయి. దండెం మాటిమాటికీ అదిరింది.

"వీడు కొట్టడేం పిన్నీ? ఊరికే దెబ్బలు తింటున్నాడు!"

"తిననీ. అలిసేది ఆ కుర్రాడే."

అన్నట్టే అయింది. చివరి రౌండ్లలో ఎడమ పట్టీ ముందుకు తడిమింది, దాని వెనకే కుడిది దూసుకెళ్లింది. మళ్లీ, మళ్లీ. నీటి తుంపర నెస్టా టీలో పడింది.

ఉన్నట్టుండి రెండూ కిందికి జారి, మామూలు గుడ్డల్లా వేలాడాయి.

"అయిపోయిందా?"

"ఉష్. రెఫరీ లెక్క చూస్తున్నాడు."

గాలి లేదు. వీధిలో ఒక్కొక్కరే తలుపు తీసుకుని బయటికొచ్చి దండెం వైపు చూశారు. అప్పుడు కుడి పట్టీ, ఎవరో మణికట్టు పట్టుకున్నట్టు, నెమ్మదిగా లేచి నిటారుగా నిలబడింది.

దిగలేదు.

సాయంకాలపు ఆరాధనకు గంట మోగింది. ఓల్వెన్ టోపీ సర్దుకుని, చేతులు తుడుచుకుని బయల్దేరింది.

"దండెం మీంచి తీయవా పిన్నీ? దారిన పోయే వాళ్లంతా చూస్తారు!"

"చూడనీవే," అంది ఓల్వెన్.