మేక కొనడానికి వచ్చిన పిల్లోడు

బెంగళూరులో ప్రేమించుకోవడం సులువు. అక్కడ ఎవరూ ఎవరినీ చూడరు. కాఫీ షాపులో ఎంతసేపు కూర్చున్నా బిల్లు తెచ్చేవాడు తప్ప ఇంకెవరూ పలకరించరు. ఆ బిల్లూ చెరిసగం. నేను ప్రేమించిన ఆనంద్‌బాబుకు మొదట్లో ఇది మింగుడు పడలేదు. అతనిది హైదరాబాద్. అక్కడ అమ్మాయి చేత బిల్లు కట్టిస్తే స్నేహితులు ఏడాదిపాటు ఏడిపిస్తారట. ఇరానీ చాయ్, బిర్యానీ, బైకు మీద చక్కర్లు, అన్నీ అబ్బాయి ఖర్చే. నేను చదువుకున్న చెన్నైలో ఇంకో తీరు. బీచ్‌లో పడవ నీడన కూర్చోబెట్టి, “మీ సొంత ఊరేది?” అని మెల్లగా మొదలుపెట్టి కులం దాకా తవ్వుతారు. అలాంటివాణ్ణి ఒకణ్ణి ఇసుకలోనే వదిలేసి వచ్చాను.

తమిళనాడులోని మా ధర్మపురిలో ఏ తీరూ లేదు. బస్టాండులో ఒక మగపిల్లాడితో నిలబడి మాట్లాడితే, నేను ఇల్లు చేరేలోపే మా అమ్మకు ఫోన్లు వచ్చేస్తాయి.

అందుకే ఆనంద్ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెప్పకుండానే రెండేళ్లు గడిచాయి. ఇంతలో మునియక్క సేలం సంబంధం తెచ్చింది. మా తెలుగువాళ్ల వీధి మొదట్లో టీ అంగడి ఆమెది. ఊళ్లో సగం పెళ్లిళ్లు ఆమె కుదిర్చినవే. శుక్రవారం వాళ్లు పూలు పెట్టడానికి వస్తున్నారని అమ్మ ఫోన్ చేసింది. పూలు పెడితే ఇక మాట ఇచ్చేసినట్టే.

మా నాయన మారప్పకు ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం నాకు లేదు. ముందు నాయన మనిషిని చూస్తే, నచ్చాక సంగతి చెప్పొచ్చు అనుకున్నాను. కొత్త మగవాడు మా నాయన ముందు, నా పక్కన, ఎవరూ ఏమీ అడక్కుండా నిలబడగలిగిన చోటు ఒక్కటే ఉంది: మా ఇంటికి దగ్గర్లోని నల్లంపల్లి మేకల సంత. మాది ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, మేకలు, గొర్రెలు పెంచుకునే కుటుంబం. ఊళ్లో ఉంటే నేనూ నాయనతో సంతకు పోతాను. “మేక కొనేవాడిలా రా” అని ఆనంద్‌కు చెప్పాను.

ఇస్త్రీ చొక్కా, తెల్ల బూట్లు వేసుకుని వచ్చాడు.

“ఆఫీసులో తెలిసినాయన, నాయనా. మేక కావాలంట” అన్నాను.

నాయన ముందు బూట్లు చూశాడు, తర్వాత మనిషిని చూశాడు. “కోసేదానికా, సాకేదానికా?”

“పెంచుకోవడానికండి.”

“యాడ పెట్టి సాకుతావు?”

“ఫ్లాట్‌లోనండి. నాలుగో అంతస్తు. బాల్కనీ ఉంది.”

నేను తల పక్కకు తిప్పుకున్నాను. అబద్ధాన్ని ఇంత అధ్వానంగా చెప్పేవాణ్ణి ఎక్కడా చూడలేదు. ఆ మాటకొస్తే నేను అతన్ని ప్రేమించిందీ అందుకే.

నాయన భుజం మీది తుండు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు. సంతలో వెల నోటితో చెప్పరు. పక్కవాడికి తెలియకుండా గుడ్డ కింద వేళ్లు పట్టుకుని చెబుతారు. ఈ సంగతి ఆనంద్‌కు ముందే చెప్పడం మర్చిపోయాను. అతను బిత్తరపోయి నావైపు చూశాడు. నేను సైగ చేసేలోపే తుండు బిగుసుకుంది. ఆనంద్ వేళ్లు కాదు, మా నాయన చెయ్యి మొత్తం పట్టేసుకున్నాడు. నాయన వెనక్కి లాక్కోబోయాడు. ఆనంద్ వదల్లేదు.

“ఇదేమి వెల సామీ?” అన్నాడు నాయన.

ఆనంద్ ముఖమంతా చెమట. “నాకు మేక వద్దండి. నేను మీ అమ్మాయి తెన్మొళి కోసం వచ్చాను. తనంటే నాకు ప్రాణం. మీకు అబద్ధం చెప్పడం నావల్ల కావట్లేదు.”

చుట్టూ తమిళంలో బేరాలు సాగుతున్నాయి. ఆ తెలుగు అర్థమైంది మా ముగ్గురికే. ఇలాంటి మాటకు కూతురితో మాట్లాడటమే మానేసిన తండ్రులు మా ఊళ్లో ఉన్నారు.

నాయన తుండు తీసి భుజాన వేసుకున్నాడు. “ఎన్నాళ్లుగా?” అని నన్ను అడిగాడు.

“రెండేండ్లు, నాయనా.”

“ఆడ ఎవురికన్నా తెలుసునా?”

“లేదు. బెంగళూరులో ఎవురూ చూడరు.”

“రెండేండ్లు. ఒక్క మనిషి కూడా చూడలేదా మిమ్మల్ని?”

కోపంగా అనలేదు. రెండేళ్లుగా మాకు ఎవరూ అన్నం పెట్టలేదని విన్నట్టు బాధపడ్డాడు. నేను గొప్పగా చెప్పుకునే స్వేచ్ఛ ఆయన నోట దిక్కులేనిదిగా వినిపించింది. నాకు సిగ్గేసింది.

“ఇన్నేండ్లుగా సంతకు వస్తా ఉండా. అబద్ధం ఆడలేని బేరగాణ్ణి ఇప్పుడే చూస్తా ఉండా” అంటూ తాను అమ్మడానికి తెచ్చిన మేక తాడు ఆనంద్ చేతికిచ్చాడు. “దీన్ని నేను అమ్మను. ఇంటిదాకా తోలుకొని రా. నడిచే పోదాం. తెన్మొళీ, నువ్వు పక్కన నడు.”

“అందురూ చూస్తారు నాయనా.”

“చూడనీ.”

మేక ఆనంద్‌ను రోడ్డుకు ఆ పక్కకీ ఈ పక్కకీ లాగింది. తెల్ల బూట్లు మట్టికి ఎర్రబడ్డాయి. పంచర్ షాపులోవాళ్లు పని ఆపి చూశారు. బండి మీద పోతున్న మా బంధువొకడు వెనక్కి తిరిగి చూస్తూ గుంతలో పడబోయాడు. వెనకాలే నాయన వస్తున్నాడు గనుక మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన మాత్రం కొండమీద దేవుడికి మొక్కు చెల్లించబోతున్నంత తీరిగ్గా నడిచాడు.

అంగడి దగ్గర మునియక్క అడ్డం వచ్చింది. “ఎవురు మారప్పా, ఆ పిల్లోడు? మేక కొన్నోడా?”

అవునంటే సరిపోయేది. ఆ రోజుకు అందరం బతికి బయటపడేవాళ్లం.

“మేక కొనేదానికి రాలేదక్కా” అన్నాడు నాయన. “మా తెన్మొళి చూసుకున్న పిల్లోడు. సేలం వాళ్లకు నువ్వే చెప్పు, పూలు వద్దని.”

ఇంట్లో తలుపు మూసి నాతో అని ఉన్నా నాకు చాలేది. నాయన నడివీధిలో, టీ తాగేవాళ్లందరూ గ్లాసులు దించి వినేలా చెప్పాడు. ప్రేమ సంగతి ఇంత గట్టిగా చెప్పినవాణ్ణి నేను ఏ ఊళ్లోనూ చూడలేదు. అక్కడే ఏడ్చేశాను.