తడారని ఇసుక

నేను ఒక గాజు గరాటును. పైన వెడల్పు, కింద సన్నం. నాలో ఏదీ నిలవదు. అందుకే నాకు గర్వం తక్కువ.

కొలిమిలో ఎర్రగా ఉన్నప్పుడు ఒక ముసలాయన గొట్టంతో ఊది, తిప్పి, కాడ సాగదీశాడు. ఆయన బుగ్గల్లోని గాలే నా ఆకారం. ఆయన పేరు తెలియదు. ఎండుగడ్డి పెట్టెలో పడుకుని, లారీలో కుదుపులు తిని, ఉప్పు మళ్లున్న ఒక సముద్రపు ఊరి హైస్కూలుకి చేరాను. నాతో ఐదు గరాటులు వచ్చాయి. మొదటి ఏడే మూడు పగిలాయి. పిల్లలకి గాజంటే భయం ఉండదు, పగిలాక వస్తుంది.

ల్యాబులో నన్ను చూసుకున్నది అటెండరు గున్నయ్య. చిన్నప్పుడు ఉప్పు మళ్లలో పనిచేసినవాడు. చదువు మూడో తరగతి. మాట తక్కువ. ముగ్గుపిండితో నన్ను తోమి, కాడలోకి కోడి ఈక దూర్చి తుడిచి, కిటికీ వెలుగులో ఒక కన్ను మూసి చూసేవాడు. చదువుకున్నవాళ్లెవరూ నన్నంత శ్రద్ధగా చూడలేదు.

నా పని వడపోత. వడపోత కాగితం మడిచి నాలో పెడతారు, మురికినీళ్లు పోస్తారు. మట్టి పైన ఆగుతుంది, తేటనీరు దిగుతుంది. మనుషులకి ఆగినదే కనబడుతుంది. దిగినదాన్ని ఉత్త నీళ్లంటారు. ఆ మాట వల్లే ఒక పిల్ల చదువు ఆగిపోబోయింది.

ఆ పిల్ల నూకరత్నం. పదో తరగతి. అప్పటికే ఒక ఏడు తప్పింది. ప్రాక్టికల్ పరీక్ష రోజు పొద్దున బల్ల తుడుస్తున్న గున్నయ్య దగ్గరికి వచ్చింది.

“తాతా, ఈ పాలి కూడా తప్పితే పార సేత పట్టుకోని ఉప్పు మళ్లలోకి పొమ్మంది మాయమ్మ.”

“ఊఁ,” అన్నాడు గున్నయ్య.

పరీక్షకి వేరే ఊరి సారు వచ్చాడు. పిల్లలతో అటెండరు మాట్లాడకూడదన్నాడు. గున్నయ్యకి అదేం కష్టం కాలేదు.

ఒక్కొక్కరికీ ఇసుక, ఉప్పు, ఇనుప రజను కలిపిన పొట్లం ఇచ్చారు. మూడూ విడదీసి మూడు కాగితాల మీద పెట్టాలి. రత్నం అయస్కాంతానికి కాగితం చుట్టి రజను లాగేసింది. మిగిలినది నీళ్లలో కలిపి నాలో పోసింది. ఇసుక ఆగింది. కింద బీకరులోకి తేటనీరు దిగింది. ఆ బీకరు ఎత్తి గబుక్కున సింకులో పారబోసింది.

తర్వాత ఖాళీగా ఉన్న మూడో కాగితం చూసింది. కరిగిన ఉప్పంతా ఆ నీళ్లతోనే పోయింది.

“ఓలమ్మో,” అంది, గొంతులోనే. కళ్లలో నీళ్లు తిరిగాయి.

వాడిన సామాను ఎత్తుకుపోయి కడగడం గున్నయ్య పని. పళ్లెం పట్టుకుని వచ్చాడు. ఖాళీ బీకరు చూశాడు. పిల్ల మొహం చూశాడు. నన్ను స్టాండులోంచి తీసి, అరచేతిలో బరువు చూసినట్టు ఒకసారి ఆడించి, మళ్లీ అక్కడే పెట్టేశాడు.

“ఏమయ్యా, ఆ గరాటు తీసుకెళ్లవేం?” అన్నాడు సారు.

“ఇసక తడారనేదు, బాబూ.”

“తడారకపోతే కడగడానికేం?”

గున్నయ్య పళ్లెంతో సింకు వైపు నడిచాడు.

రత్నం నావైపు చూస్తూ ఉండిపోయింది. ఉప్పు మడిలో తడిసిన పావడా అంచు ఆరితే తెల్లటి చారలు కడుతుందని ఆ ఊరి ఆడపిల్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. కడిగిన బీకరు నా కింద పెట్టింది. ఇసుక మీద కొంచెమే కొంచెం నీళ్లు పోసింది. చుక్క తర్వాత చుక్క. నేను కూడా తొందరపడలేదు. దిగిన నీటిని పింగాణీ గిన్నెలో పోసి దీపం మీద పెట్టింది. నీరు ఇగిరింది. అడుగున చిటికెడు తెల్లదనం మిగిలింది.

సారు కళ్లజోడు పైకి తోసుకున్నాడు. “ఇంతేనా? నేనిచ్చిన ఉప్పేది?”

“పారబోసీసినానండి. ఉత్త నీళ్లనుకున్నాను. ఇసక పట్టుకున్నది ఇదేనండి.”

“ఇసుకలో ఉందని ఎవరు చెప్పారు?”

“మా పావడాలండి. ఎండితే తెల్లగయిపోతాయి.”

సారు నవ్వాపుకున్నాడు. గున్నయ్య వైపు తిరిగాడు. గున్నయ్య ఒక కన్ను మూసి ఇంకో గరాటులోంచి కిటికీని చూస్తున్నాడు. పారబోసినందుకు సారు మార్కులు కోశాడు. పాసవడానికి సరిపడా ఉంచాడు.

గున్నయ్య రిటైరయ్యే రోజున, చివరిసారి నన్ను కడుగుతుంటే కుళాయికి తగిలి నా కాడ మొదలంటా విరిగింది. పగిలిన సామాను డబ్బాలో వేయాలి. హెడ్మాస్టరుని అడిగి, తువ్వాల్లో చుట్టి ఇంటికి తెచ్చాడు. విరిగిన అంచు గచ్చు మీద అరగదీశాడు.

“అందరికీ సాలువాలు కప్పుతారు. నీకిరిగిన గరాటిచ్చినారా?” అంది భార్య.

“ఊఁ,” అన్నాడు.

ఇప్పుడు వాళ్ల వంటింటి గూట్లో ఉంటున్నాను. రత్నం సర్కారు ఆసుపత్రిలో నర్సు. ఏటా కొత్త ఉప్పు దిగగానే తల్లి పంపిన సంచితో వస్తుంది. నన్ను సీసా మూతిలో పెట్టి ఉప్పు పోస్తుంది. కాడ సన్నగా, పొడుగ్గా ఉన్న రోజుల్లో రాళ్లుప్పు నాలో దిగేది కాదు. అన్నేళ్లూ నీళ్ల చాటున, కనబడకుండా వెళ్లిన ఉప్పు ఇప్పుడు గలగలమంటూ వెళ్తోంది.

పోశాక నా అంచున రెండు రాళ్లు అంటుకుని ఉంటాయి. రత్నం దులపబోతే గున్నయ్య చెయ్యి అడ్డం పెడతాడు.

“ఉండనీయే గుంటా. తడారనేదు.”